మీరడిగారు: ఇద్దరి కార్డులోనూ ఏఎస్సే, మరి సంబంధం ఖాయం చేసుకోవచ్చా?

ఈసారి ఉత్తరాలు తక్కువ, వాట్సాప్ వాయిస్‌లు ఎక్కువ, అందులో సగం బస్సులో కూర్చుని పంపినవే, కండక్టర్ గొంతూ మీ గొంతూ కలిసిపోయి కొన్నైతే రెండేసి సార్లు వినాల్సొచ్చింది. దాదాపు అన్నీ ఒకే తరహా, "ఫలానా రీసెర్చ్ వచ్చిందట మాస్టారూ, మనకేటి లాభం" అని. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు, ఊరు పేరు చాలు.

సిరోంచ, గడ్చిరోలి జిల్లా: నమస్తే మాస్టారూ. మా తమ్మునికి సంబంధం చూసినం, పిల్ల మా మేనమామ బిడ్డనే. ఇద్దరికీ సికిల్ సెల్ పరీక్ష చేయిస్తే ఇద్దరి కార్డులల్ల ఏఎస్ అని రాసిన్రు. ఇద్దరూ మంచిగనే ఉన్నరు గద ఏమైతది అంటది మా అమ్మ. మా తమ్ముడేమో ఇప్పుడు జీన్ మార్చి బాగుచేసే మందే వచ్చింది, ఇంక భయమెందుకు అంటడు. మేం ఏం చెయ్యాలె?

మందు సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు లెక్క చూడు. ఏఎస్ అంటే ఒక మంచి జీన్, ఒక సికిల్ జీన్, అంటే ఎర్రరక్తకణాన్ని కొడవలిలా వంచే జీన్. జబ్బు లేదు, మీ అమ్మగారు అన్నది నిజమే. కానీ ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పుకీ నూటికి 25 వంతులు ఎస్ఎస్ బిడ్డ, అంటే జబ్బున్న బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది, 50 వంతులు వీళ్లలాగే ఏఎస్, మిగతా 25 వంతులు ఏమీ లేకుండా. చాలామంది ఇక్కడే పొరపడతారు, మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదులే అనుకుంటారు. అలా కాదు, ప్రతి కాన్పుకీ మళ్లీ మొదట్నుంచీ అదే పాతిక శాతం. మేనరికాల్లో ఒకే తాత దగ్గర్నుంచి ఆ జీన్ రెండు వైపులా దిగే ఛాన్స్ ఎక్కువ, మీ ఇంట్లో కూడా అదే జరిగుండొచ్చు.

కార్డు ఏ పరీక్ష మీద ఇచ్చారో ఒకసారి అడుగు. ఊళ్లల్లో ముందు చేసేది సాల్యుబిలిటీ టెస్ట్. చిన్న ట్యూబులో ద్రావణం పోసి, వేలి నుంచి తీసిన రక్తం కాస్త కలిపి, వెనకాల నల్లగీతలున్న కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనిపిస్తే సికిల్ లేనట్టు, ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే ఉన్నట్టు. అయితే అది ఏఎస్సో ఎస్ఎస్సో ఈ టెస్ట్ చెప్పలేదు, దానికి హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ, అంటే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూసే పరీక్ష చేయాలి. హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే ఇంకో లాభం, బీటా తలసీమియా ట్రైట్, అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవని ఇంకో జబ్బు జీన్ ఒకటి ఉన్నా బయటపడుతుంది, ఎందుకంటే ఒకరిది సికిల్ ట్రైట్, ఇంకొకరిది తలసీమియా ట్రైట్ అయినా పిల్లలకి కష్టమే.

ఇప్పుడు తమ్ముడి మందు. దాని పేరు క్యాస్‌జెవీ, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా దానికి అనుమతిచ్చాయి. షార్పెంటియే, డౌడ్నా అనే ఇద్దరు ఆడవాళ్లకి 2020లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చిపెట్టిన క్రిస్పర్ అనే జీన్ కత్తెరతో చేసిన మొదటి మందు ఇదే. తమాషా ఏంటంటే ఇది సికిల్ జీన్‌ని అసలు ముట్టుకోదు. కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో హిమోగ్లోబిన్ వేరే రకం, పుట్టిన కొన్ని నెలలకి బీసీఎల్11ఏ అనే జీన్ దాన్ని ఆపించేస్తుంది. మనిషిలో రక్తం తయారుచేసే మూలకణాలు బయటికి తీసి, ఆ జీన్ రక్తకణాల్లో పనిచేయకుండా కత్తిరించి తిరిగి ఎక్కిస్తే, పాత పసిపిల్లల హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, కణం కొడవలిలా వంగడం తగ్గుతుంది. ట్రయల్‌లో కనీసం ఏడాది పాటు చూడగలిగినవాళ్లు 31 మంది, అందులో 29 మందికి వరసగా 12 నెలలు పెద్ద నొప్పుల ఎటాక్ ఒక్కటీ రాలేదు. గొప్ప సంగతే, కాదనను.

కానీ ఆ కణాలు ఎక్కించే ముందు ఎముకల్లో ఉన్న పాత మూలకణాలన్నీ పోయేలా గట్టి కీమో ఇస్తారు, వారాల తరబడి హాస్పిటల్లోనే ఉండాలి, తర్వాత పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినొచ్చు. 2023లో అనుమతిచ్చింది 12 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి. ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో పద్దెనిమిది కోట్ల పైమాటే. ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జీన్ పరిశోధన సంస్థ వాళ్లు సొంతంగా తయారుచేసిన క్రిస్పర్ పద్ధతిని బిర్సా 101 అనే పేరుతో 2025 నవంబర్‌లో ప్రకటించారు, టెక్నాలజీని పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చారు, చవగ్గా చేస్తామంటున్నారు, చేస్తే సంతోషమే. అది ట్రయల్స్ అన్నీ దాటుకుని సిరోంచ దవాఖానాకి వచ్చేదాకా మీ తమ్ముడు పెళ్లి ఆపుకుంటాడా? దాన్ని నమ్ముకుని ఇప్పుడు ముందుకెళ్లడం కూడా అలాంటిదే.

నాకు ఈ కోట్ల మందు కంటే హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ కథ పెద్దదనిపిస్తుంది, పేపర్లలో మాత్రం దానికి ఓ మూల కూడా దొరకదు. పాత మందు, చవక మందు, ఇది కూడా ఆ పసిపిల్లల హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాలో ఆరువందల మంది పిల్లలకి ఇచ్చి చూసిన రీచ్ అనే స్టడీ 2019లో వచ్చింది. నొప్పులు తగ్గాయి, రక్తం ఎక్కించడం తగ్గింది, చావులు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. మన దేశంలో 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్‌లోనూ ఇదే ముఖ్యమైన మందు. డాక్టర్ చూసి డోసు పెంచుతూ, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయిస్తూ వాడాలి, సొంతంగా కొనుక్కుని మింగేది కాదు.

పెళ్లి మానమని నేను చెప్పను, అది మీ ఇంటి నిర్ణయం. చేసుకుంటే మాత్రం గర్భం అని తెలిసిన వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి ఇద్దరి కార్డులూ చూపించండి, కడుపులో బిడ్డకి జబ్బుందో లేదో చూసే పరీక్ష 10, 12 వారాల దగ్గరే చేయొచ్చు, నాలుగైదు నెలలు దాటాక పరిగెత్తితే తల ప్రాణం తోకకొస్తుంది. అదే మీ తమ్ముడు ఏ లోపమూ లేని ఏఏ అమ్మాయిని చేసుకుంటే పిల్లల్లో ఎస్ఎస్ రానే రాదు. ఈ సంగతి మీ అమ్మగారికి కాగితం మీద నాలుగు గళ్లు గీసి చూపించు, నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు, నేను క్లాసులో పాతికేళ్లు చూశాను.

మల్కన్‌గిరి: సార్, మలేరియాకి టీకా వచ్చేసింది, అదీ పుణెలోనే తయారవుతోంది అంటున్నారు. మరి మా పిల్లలకి ఎందుకు వేయట్లేదు?

ఆ టీకా ఆర్21, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కనిపెట్టారు, సీరం వాళ్లు తయారుచేస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 అక్టోబర్‌లో ఓకే చెప్పింది, 2024లో ఆఫ్రికాలో వేయడం మొదలైంది. అక్కడ వానాకాలం ముందు వేసినచోట ఏడాదిలో కేసులు 75 శాతం దాకా తగ్గాయి. కానీ అది పనిచేసేది ఫాల్సిపేరం అనే రకం మలేరియా మీద. మన దగ్గర వైవాక్స్ అనే ఇంకో రకం కూడా ఉంది, దానికి ఇది పనికిరాదు, పైగా ఆఫ్రికాలో లాగా పసిపిల్లల ప్రాణాలు అన్నేసి తీసే పరిస్థితి మన దగ్గర ఇప్పుడు లేదు. ఒడిశాలో 2017లో దమన్ అని మొదలెట్టారు గుర్తుందా, జ్వరం లేనివాళ్లకి కూడా ఊరూరా తిరిగి రక్తం చూసి మందిచ్చారు, దోమతెరలు పంచారు. 2017 లెక్కతో పోలిస్తే 2018లో కేసులు 80 శాతం దాకా పడిపోయాయి. టీకా లేకుండానే. ఇచ్చిన దోమతెరతో చేపలు పట్టకుండా కప్పుకుని పడుకుంటే సగం పని అయినట్టే, కోపం తెచ్చుకోకండి, నేను చూసిందే చెప్తున్నా.

ఇంకో మాట, పైన సిరోంచ చెల్లెమ్మకి చెప్పిన ఏఎస్ ఉంది చూడండి, అది ఉన్నవాళ్లకి మలేరియా ముదరడం తక్కువ, ఈ సంగతి 1954లోనే ఆలిసన్ అనే డాక్టర్ ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా అడవులున్న గడ్చిరోలి, కోరాపుట్ లాంటి చోట్లే సికిల్ ఎక్కువ ఉండటానికి కారణం అదే.

గుణుపూర్, రాయగడ జిల్లా: మాస్టారూ, వంశధార ఒడ్డున మాకు మూడెకరాలు. జీన్ మార్చిన కొత్త వరి వచ్చింది, పేరు కమల అంటున్నారు. ఇది బీటీ పత్తి లాంటిదేనా? విత్తనం ఏటేటా కొనాలా?

లాంటిది కాదు. బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జీన్ తెచ్చి పెట్టారు, 2002లో మన దేశంలో అనుమతిచ్చారు. కమలలో బయటి జీన్ ఏదీ లేదు, మనందరం తినే సాంబ మసూరిలోనే సీకేఎక్స్2 అనే జీన్‌ని క్రిస్పర్‌తో కాస్త కత్తిరించారు. ఆ జీన్ పనేంటంటే సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరగ్గొట్టడం. అది మందగిస్తే హార్మోన్ నిలిచి కంకికి గింజలు ఎక్కువ కడతాయి. చేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంస్థ. దాంతోపాటు ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్లు ఎంటీయూ 1010, అదే మన కాటన్‌దొర సన్నాలు, దాన్ని మార్చి ఉప్పు నేలలకి తట్టుకునేలా ఇంకోటి చేశారు. రెండింటినీ 2025 మేలో కేంద్రం ప్రకటించింది. 2022 మార్చిలో రూల్ మార్చి, బయటి జీన్ లేని ఇలాంటి పంటలకి బీటీకి పెట్టినంత కఠినమైన అనుమతులు అక్కర్లేదన్నారు.

కమల దిగుబడి 19 శాతం ఎక్కువ, ఇరవై రోజులు ముందు కోతకొస్తుంది అన్నది చేసినవాళ్లు చెప్పిన లెక్క. ఇరవై రోజులంటే చివర్లో ఓ రెండు తడుల నీళ్లు మిగిలినట్టే, నాకైతే 19 శాతం కంటే అదే నచ్చింది. అయితే ట్రయల్ లెక్కలన్నీ పూర్తిగా బయటపెట్టండి అని గట్టిగా అడుగుతున్నవాళ్లూ ఉన్నారు, అడగడంలో తప్పులేదు. విత్తనం సంగతికొస్తే ఇది హైబ్రిడ్ కాదు, మామూలు రకం, కాబట్టి సొంత విత్తనం కట్టుకున్నా మొలుస్తుంది, గుణం మారదు. కానీ క్రిస్పర్ పనిముట్టు మీద విదేశీ పేటెంట్లు ఉన్నాయి, వాటి లైసెన్సు గొడవ కూడా తేలాలి. ఈలోగా సంతలో ఎవడైనా ముద్ర లేని సంచి చూపించి ఇదే కమల అంటే బిల్లు అడగండి, బిల్లు అనేసరికి వాడే పక్క కొట్టుకి పోతాడు.

బరంపురం, గంజాం జిల్లా: అన్నా, నేను డిగ్రీ సెకండియర్. ఏఐ యాప్‌లో తెలుగులో అడిగితే ఫ్రీ లిమిట్ తొందరగా అయిపోతోంది, ఇంగ్లీషులో అదే అడిగితే చాలాసేపు వస్తోంది. నా ఫోన్ ప్రాబ్లమా?

ఫోన్ తప్పు కాదు తమ్ముడూ, మన లిపికి పడే టోల్‌గేట్ అది. ఆ యాప్ ఏ కంపెనీదో నువ్వు రాయలేదు, ఎవరి లిమిట్ వాళ్లు ఒక్కోలా లెక్కేస్తారు గానీ అడుగున ఉన్న సంగతి అందరిదీ ఒకటే. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరం దాచడానికి పట్టే చోటు ఒక బైట్, తెలుగు అక్షరం, గుణింతం, సున్నా, ఏదైనా సరే ఒక్కోటి మూడు బైట్లు. మీ ఊరి పేరే చూడు, ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలకి తొమ్మిది బైట్లు, బరంపురం అని తెలుగులో కొడితే లోపల ఏడు గుర్తులు, 21 బైట్లు. ఒడియా వాళ్లకీ ఇదే లెక్క, మనకొక్కళ్లకే అన్యాయం అనుకోకు.

అసలు దెబ్బ దాని తర్వాత. ఏఐ చదివేది అక్షరాలు కాదు, టోకెన్లు అనే ముక్కలు. ఏ ముక్కలు ఉండాలనేది బోలెడంత టెక్స్ట్ చూపించి నేర్పిస్తారు, ఆ టెక్స్ట్‌లో ఎక్కువ ఇంగ్లీషే కాబట్టి ఇంగ్లీషు మాట చాలాసార్లు ఒకే ముక్కగా వెళ్తుంది, తెలుగు మాట నుజ్జునుజ్జయి వెళ్తుంది. ఒకే సంగతి చెప్పడానికి కొన్ని భాషలకి 15 రెట్ల దాకా ఎక్కువ ముక్కలు పడుతున్నాయని 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లెక్కతేల్చారు. ముక్కల్ని బట్టే డబ్బు, ముక్కల్ని బట్టే లిమిట్, ముక్కల్ని బట్టే స్పీడు. కాస్త నయం ఏంటంటే ఇది తగ్గుతోంది. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు దాన్ని చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ చూపించిన లెక్కలో ఒకే పలకరింపు తెలుగులో పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త పద్ధతిలో 45. ఇంగ్లీషులో పాత పద్ధతిలో 27, కొత్తలో 24. అంటే ఇంకా దాదాపు డబుల్ కడుతున్నాం, కానీ ముందు ఆరు రెట్లు కట్టేవాళ్లం. అందుకని ప్రశ్న తెలుగులోనే అడుగు, మానకు, కాకపోతే పాత చాట్ అలాగే లాగకుండా కొత్త ప్రశ్నకి కొత్త చాట్ తెరువు, లేకపోతే పాతదంతా ప్రతిసారీ మళ్లీ లెక్కలోకి వస్తుంది.

పర్లాకిమిడి, గజపతి జిల్లా: మాస్టారూ, మన ఏరియా ఇలా వెనకబడిపోడానికి జమీందారీయే కారణమని మా నాన్నగారు ఎప్పుడూ అంటారు. ఈమధ్య నోబెల్ వచ్చిన ఎకనామిక్స్ కూడా ఇదే చెప్తోందని విన్నాను, నిజమా?

దగ్గర్లోకి వచ్చారు. 2024లో నోబెల్ వచ్చిన ఎసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్ చెప్పింది, దేశాలు బాగుపడటంలో అక్కడ పాతుకుపోయిన వ్యవస్థలదే, రూల్స్‌దే పెద్ద వాటా అని. మన జమీందారీ గురించి నేరుగా లెక్కేసింది మాత్రం అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్, 2005లో. బ్రిటిష్ వాళ్లు శిస్తు వసూలుకి జమీందారుని పెట్టిన జిల్లాలు ఒక వైపు, రైతు దగ్గరే వసూలు చేసిన జిల్లాలు ఇంకో వైపు పెట్టి చూశారు. అప్పటి మద్రాసులో మీ వైపంతా జమీందారీ, పర్లాకిమిడి, జయపురం, బొబ్బిలి ఇలా, దక్షిణం వైపు ఎక్కువగా రైత్వారీ. జమీందారీ జిల్లాల్లో నీటిపారుదల తక్కువ, ఎరువు తక్కువ, దిగుబడి తక్కువ, బడులూ తక్కువ అని తేలింది. అసలు ఆశ్చర్యం ఏంటంటే ఈ తేడా పెరిగింది జమీందారీలు రద్దయిన తర్వాత, 1960ల్లో కొత్త విత్తనాలు, ప్రభుత్వ డబ్బు వచ్చినప్పుడు. జమీందారు పోయాడు, కానీ ఊళ్లో నలుగురూ కలిసి ప్రభుత్వాన్ని అడిగి తెచ్చుకునే అలవాటు అక్కడ లేదు, కాబట్టి కాలవలూ బడులూ రైత్వారీ వైపే వెళ్లాయి అని వాళ్ల వివరణ.

మీ నాన్నగారికి ఇక్కడిదాకా చదివి వినిపిస్తే మీసం మెలేస్తారు, కానీ తర్వాతది కూడా వినిపించండి. 2013లో ఇవర్సెన్, పామర్-జోన్స్, సేన్ అనే ముగ్గురు ఆ లెక్కని మళ్లీ తవ్వారు. సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే ఇప్పుడు మన పాఠకులున్న చంద్రపూర్, సిరోంచ కూడా అందులోవే, అక్కడి మాల్‌గుజారీ పద్ధతిని, అంటే ఊరి పెద్ద శిస్తు పోగుచేసి సర్కారుకి కట్టే పద్ధతిని, బెనర్జీ, అయ్యర్ తప్పుగా వర్గీకరించారు, అది సరిచేస్తే ఆ తేడా నిలబడట్లేదు అన్నారు. బెనర్జీ, అయ్యర్ వాళ్లకి జవాబిచ్చారు. పర్లాకిమిడి మీద కట్టిన వాదనని చంద్రపూర్ లెక్క కదిపింది చూశారా, రెండూ మన సరిహద్దు ఊళ్లే కావడం చిత్రం. నా మటుకు నాకు మీ నాన్నగారు సగం రైటు. మహేంద్రగిరి కొండలు, బ్రాడ్‌గేజ్ రైలు ఆలస్యంగా రావడం, 1936లో రాష్ట్రం మారాక ఏ రాజధానికీ మనం దగ్గర కాకపోవడం, ఇవన్నీ జమీందారు నెత్తిన వేస్తే ఎలా!

బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా: సార్, మా నాన్నకి టీబీ, మందులు నడుస్తున్నయ్. మంచి తిండి పెట్టాలె అంటున్నరు. ఒకాయన ప్రొటీన్ పౌడర్ డబ్బా రాసిచ్చిండు, ధర చూస్తే గుండె ఆగింది. అది లేకుంటే నయం కాదా?

డబ్బా అక్కర్లేదమ్మా. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దంపతులు, వాళ్ల టీమ్ కలిసి రేషన్స్ అనే స్టడీ చేశారు, 2023 ఆగస్టులో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లల్లో ఉండే 10,345 మంది. రోగులందరికీ నెలకి పదికిలోల తిండి సంచి ఇచ్చారు, అందులో ఉన్నవి బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విడిగా విటమిన్ మాత్రలు. అంతే. ఇంట్లోవాళ్లని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మనిషికి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు, రెండో గుంపుకి ఇవ్వలేదు. తిండి అందిన ఇళ్లల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, పరీక్షలో క్రిమి ఉన్నట్టు తేలిన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం. పప్పూ బియ్యానికి ఇంత పవర్ ఉంటుందని లెక్కతో చూపించడం అదే మొదటిసారి, అందుకే అన్ని దేశాల్లోనూ మాట్లాడుకున్నారు.

ఇంకోటి, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావులు 61 శాతం తక్కువ. ఇది మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి, బరువు పెరగడం వల్ల బతికారా, మందు బాగా పట్టి బతికారు కాబట్టి బరువు పెరిగిందా అనేది ఈ లెక్కొక్కదాంతో విడదీయలేం. అయినా చూసుకోడానికి మంచి గుర్తే, నలభై కిలోల మనిషి రెండు నెలలకి 42 అవ్వాలి. అవ్వకపోతే డాక్టర్‌కి చెప్పండి.

నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద టీబీ రోగికి తిండి కోసం నెలకి వచ్చే 500ని 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, బ్యాంక్ ఖాతాలో పడాలి, పడకపోతే మందిచ్చే సెంటర్లోనే ఖాతా నంబరు సరిగ్గా ఎక్కిందో లేదో చూడమనండి. ఇంట్లో మీకందరికీ కూడా టెస్ట్ చేయించండి, రాకుండా ముందే ఇచ్చే మందు కోర్సు ఉంది, అడగండి. పౌడర్ డబ్బా డబ్బుతో కందిపప్పు, గుడ్లు కొనండి, మీరూ తినండి, నాన్నకే పెట్టి మీరు పస్తుంటే ఆ స్టడీ చెప్పినదానికి తిరగబడ్డట్టే.

జయపురం, కోరాపుట్ జిల్లా: కాఫీ గుండెకి మంచిదని ఒకరోజు, చెడ్డదని ఒకరోజు. మా కోరాపుట్ కాఫీ తాగాలా వద్దా?

కాఫీ మీద వచ్చేవాటిల్లో ఎక్కువ శాతం, తాగేవాళ్లనీ తాగనివాళ్లనీ ఏళ్లపాటు గమనించి రాసినవి. డాక్టర్ వద్దన్నాడని మానేసిన గుండెజబ్బు మనిషి కూడా "తాగనివాళ్ల" లెక్కలోకే వచ్చేస్తాడు, అప్పుడు కాఫీ మహా ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఇంకొకరు దాన్ని సరిచేసి మళ్లీ లెక్కేస్తారు, హెడ్డింగ్ మారిపోతుంది. రోజుకి రెండు మూడు కప్పులు మామూలు మనిషికి హాని చేస్తాయని గట్టి లెక్క ఏదీ లేదు. నిద్ర పట్టకపోయినా, గుండె దడదడలాడినా, తాగేది గర్భిణి అయినా తగ్గించండి. అందులో వేసే నాలుగు చెంచాల పంచదార గురించి మీరు అడగలేదు కాబట్టి నేనూ చెప్పట్లేదు.